ఇంటి సెహన్ పోయింది – మిద్దె మిగిలింది

(మన సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



ఏటా ఈ వేదిక ఎక్కి "పిల్లలను బడి మాన్పించకండి, ఆడపిల్లలను పదవ తరగతితో ఆపకండి" అని చెప్పడం మాకూ, వినడం మీకూ అలవాటైపోయింది. ఈసారి కార్యదర్శిగారు నవ్వుతూ "మాస్టరుగారూ, చదువు సంగతి వచ్చే ఏడు చెబుదురుగాని, మీ మిద్దె మీది మొక్కల సంగతి చెప్పండి" అన్నారు. కనుక ఇవాళ ఇరుకు ఇళ్లలో కూరాకులు పెంచుకోవడం గురించి నాలుగు మాటలు మనవి చేయదలచాము. మేము రైతులము కాము, వ్యవసాయ శాఖవారమూ కాము. ఉర్దూలో పాఠాలు చెప్పుకునేవారము. తెలుగులో ఎక్కడైనా మాట జారితే సర్దుకుని వినవలెనని ప్రార్థన. మేము చేసిన తప్పులు కూడా దాచకుండా చెబుతాము. వాటి వల్లనే మేము నేర్చుకున్నది ఎక్కువ.

సెహన్ ఎలా పోయింది

మాది కర్నూలు పాతబస్తీ. మా చిన్నతనంలో ఇల్లు చిన్నదే గాని ఇంటి నడుమ సెహన్ వుండేది. పొడుగు పది అడుగులు, వెడల్పు ఎనిమిది అడుగులు, అంతే. అందులో ఒక జామచెట్టు, గోడ వారగా గోరింటాకు పొద, కొళాయి కాలువ పక్కన పుదీనా, మిగిలిన జాగాలో మనం అంబాడా అనే గోంగూర. దాదీమా ఆ కాలువ దగ్గరే పీట వేసుకుని వజూ చేసేది. ఆ నీళ్లే పుదీనాకు పోయేవి. దానికి ప్రత్యేకంగా నీళ్లు పోసినవారు లేరు. కూర పొయ్యి మీదికి ఎక్కాక "పోయి నాలుగు ఆకులు తెంపుకురా బేటా" అనేది. బజారు నుంచి కొత్తిమీర, పుదీనా కొనుక్కు రావడం మేము పెద్దయ్యాకనే చూశాము.

సెహన్ అంటే కూర కోసమే కాదు. మన ఇళ్లలో ఆడవారికి నలుగురి కంట పడకుండా గాలి, వెలుతురు తగిలే చోటు అదొక్కటే. వారికి ఆకాశము కనబడేది అక్కడే.

2009 అక్టోబరు 2వ తేదీన తుంగభద్ర, హంద్రీ రెండూ పొంగి ఊరిలోకి వచ్చిన సంగతి ఇక్కడ పెద్దలందరికీ తెలుసు. మేము పొరుగువారి మిద్దె మీద తల దాచుకున్నాము. నీళ్లు తీశాక ఇంట్లో మోకాలి లోతు బురద. జామచెట్టు ఒక్కటి నిలబడింది, మిగిలినవన్నీ కుళ్లిపోయాయి. రోజుల తరబడి బురద ఎత్తిన మనిషికి మట్టి అంటేనే విసుగు పుడుతుంది. "ఇక ఈ ఇంట్లో మట్టి కనబడకూడదు" అని అబ్బాజాన్ సెహన్ అంతా సిమెంటు చేయించారు. వేళ్లు గోడలను చీలుస్తాయని ఎవరో అంటే జామచెట్టు కూడా కొట్టించారు. ఆయన పోయిన తరువాత ఇల్లు రెండు భాగాలైంది. కింద తమ్ముడు, పైన మేము. సెహన్ లో మెట్లు వచ్చాయి, మెట్ల కింద రెండు మోటారు సైకిళ్లు వచ్చాయి.

ఎవరినీ తప్పు పట్టడానికి ఇది చెప్పలేదు. కుటుంబాలు పెరిగితే గోడలూ పెరుగుతాయి. మీలో చాలామంది ఇళ్ల కథ ఇదే. అయితే సెహన్ పోయిన చోట మిద్దె మిగిలింది, మిద్దె లేనివారికి మెట్ల మలుపో, కిటికీ గూడో, వాకిట్లో రెండు అడుగుల జాగానో మిగిలింది. దానిని ఏమి చేయగలమన్నదే మన ప్రశ్న.

మేము చేసిన తప్పు

2018లో మా అమ్మాయి పదవ తరగతి. ఒకనాడు బడిలో ప్రార్థన సమయంలో కళ్లు తిరిగి పడిపోయింది. డాక్టరుగారు రక్త పరీక్ష చేయించి, రక్తము తక్కువగా వుంది, మాత్రలు వాడండి, ఆకుకూరలు పెట్టండి అన్నారు. ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మధ్య వయసు ఆడవారిలో నూటికి 57 మందికి రక్తహీనత వుంది. మన దస్తర్‌ఖాన్ మీద మాంసము వున్నంత తరచుగా ఆకు వుండదు. మాంసము వున్ననాడు కూడా మంచి ముక్కలు మగవారి పళ్లెంలోకే పోతాయి. చివర గిన్నె తుడుచుకునేది ఎవరో మనందరికీ తెలుసు.

సరే, ఆవేశంతో మొదలుపెట్టాము. తమ్ముడి ముందు గది పైకప్పే మా గదుల ముందు వాకిలి. దాని మూలన ఇటుకలు పేర్చి, లోపల అడుగు మందాన ఎర్రమట్టి పోయించాము. ఎవరినీ అడగలేదు. మాస్టరుకు తెలియనిది వుంటుందా అన్న అహంకారము కూడా కొంత వుండి వుండవచ్చు. నెల తిరిగేసరికి పాలకూర దట్టంగా వచ్చింది. చూసినవారంతా మెచ్చుకున్నారు.

వానాకాలం రెండవ నెలలో తమ్ముడి గది కప్పు చెమ్మగిల్లింది. పిమ్మట చుక్క చుక్కగా కారింది. ఆ గదిలో వాడి కూతురి పెళ్లికని కుట్టించి పెట్టిన రజాయీలు వున్నాయి. రెండు తడిసి మరకలు పడ్డాయి. తమ్ముడు మెట్ల మీద నిలబడి ఒకే మాట అన్నాడు:

"భాయీజాన్, మీరు పైన పాలకూర తింటున్నారు, మేము కింద బకెట్లు పెట్టుకుంటున్నాము."

అప్పుడు "తప్పు మాదే" అంటే సరిపోయేది. మేము అనలేదు. "ఇల్లు పాతది, వరద తిన్న ఇల్లు, మొక్కల మీద నెడతావేమి" అన్నాము. తాపీమేస్త్రీ వచ్చి మట్టి తీయించి చూస్తే కింద గార పెచ్చులు లేచి, వేళ్లు పగుళ్లలోకి దిగి వున్నాయి. మట్టి ఎత్తించి, పగుళ్లు పూడ్పించి, నీరు దిగని పూత వేయించాము. ఖర్చంతా మేమే పెట్టుకున్నాము. కాని డబ్బుతో కప్పు బాగుపడింది గాని మాట బాగుపడలేదు. ఏడాదిన్నర పైగా ఈదుకు కౌగిలించుకోవడం కూడా మొక్కుబడిగానే జరిగింది.

అందుచేత మొక్కలు పెంచదలచిన ప్రతివారికి మేము మొదట చెప్పేది విత్తనం మాట కాదు, బరువు మాట.

బరువు సంగతి

ఒక చదరపు మీటరు జాగాలో అడుగు మందాన తడి మట్టి వేస్తే అది సుమారు 500 కిలోలు తూగుతుంది. మనుషులు తిరిగే మిద్దెలకు ఇంజనీర్లు లెక్క కట్టేటప్పుడు చదరపు మీటరుకు పైన పడే బరువుగా తీసుకునేది సుమారు 150 కిలోలు. అంటే మేము మా కప్పు మీద మోయవలసినదానికి మూడింతలకు మించి మోపాము. కారింది గనుక తెలిసింది. కారకపోతే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ భయం వేస్తుంది.

కనుక మిద్దె మీద మట్టి నేరుగా పోయరాదు. కుండీలలోనే వేయాలి. ఎర్రమట్టి ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు, కొబ్బరి పొట్టు ఒక పాలు కలిపితే కుండీ తేలికగా వుంటుంది, చెమ్మ కూడా నిలుస్తుంది. కొబ్బరి పొట్టును ముందు ఒకసారి నీళ్లలో కడిగి పిండాలి, అందులో ఉప్పు వుంటుంది. ఇలా కలిపిన పది లీటర్ల కుండీ తడిగా వున్నా సుమారు 12 కిలోలే. ఈ కుండీలను మిద్దె నడుమ గాక, కింద గోడ వున్న వారగా పెట్టాలి. కుండీకి అడుగున చిల్లులు వుండాలి, కుండీ కింద ఇటుక ముక్కలో, ఇనుప స్టాండో వుండి నేలకు గాలి తగలాలి. నేల ఎండుతూ వుంటే కప్పు చెడదు.

ఇంకొక మాట. పిట్టగోడ మీద కుండీ పెట్టకండి. కింద గల్లీలో పిల్లలు ఆడుకుంటారు, గాలివాన చెప్పి రాదు. అద్దె ఇంట్లో వున్నవారు ఇంటివారిని అడిగి మొదలుపెట్టండి. కుండీల సౌలభ్యమేమంటే, ఇల్లు మారితే తోట కూడా మీ వెంటే వస్తుంది.

కుండీలు కొనాలనీ లేదు. పాత నూనె డబ్బాలు, పగిలిన బకెట్లు, బియ్యం సంచులు చాలు. సంచులు ఎండకు ఏడాదిలోనే చివికిపోతాయి, అది తెలిసి వాడుకోవాలి. పెయింటు డబ్బాలు, పురుగుమందు డబ్బాలు మాత్రం ఎంత కడిగినా తినే మొక్కకు వాడకూడదు.

ఏమి వేయాలి, ఎప్పుడు వేయాలి

అందరూ మొదట టమాటా వేస్తారు, కాయ చూడాలని ఆశ. మా సలహా వేరు. మొదటి ఏడు ఆకులే వేయండి. కాయ కాచే మొక్కకు రోజుకు ఆరు గంటల ఎండ, అడుగు లోతు మట్టి కావాలి. ఆకుకూరకు మూడు నాలుగు గంటల ఎండ, ఆరు అంగుళాల లోతు చాలు. మన గల్లీలలో ఒకరి గోడ నీడ మరొకరి మీద పడుతుంది గదా. ముందు ఒకనాడు పొద్దున నుంచి సాయంత్రం దాకా మీ జాగాలో ఎండ ఎక్కడ ఎంతసేపు వుంటుందో చూసుకోండి. ఈ పని పిల్లలకు అప్పజెప్పితే గంటగంటకు సుద్దతో గీతలు గీసి చక్కగా చేస్తారు.

పుదీనా: బజారులో కొన్న కట్టలోనుంచి ముదురు కాడలు నాలుగు తీసి, అడుగు ఆకులు తుంచి, చెమ్మ మట్టిలో గుచ్చితే పది పదిహేను రోజులలో వేరు పట్టుకుంటుంది. సగం నీడ దానికి ఇష్టం. దానిని వేరే కుండీలో ఒంటరిగా పెట్టండి. పక్కవాటి జాగా ఆక్రమించుకునే గుణం వుంది దానికి.

మెంతి: వంటింటి డబ్బాలోవే రాత్రి నానబెట్టి చల్లితే మూడు నాలుగు రోజులలో మొలుస్తుంది, నెలలోపలే కోతకు వస్తుంది. మొదటిసారి పెంచేవారికి, పిల్లలకు దీనికి మించిన మొక్క లేదు. ఫలితం తొందరగా కనబడుతుంది.

కొత్తిమీర: ధనియాలను అరచేతి కింద నలిపి రెండు బద్దలుగా చేసి వేయాలి. మొలవడానికి వారం పది రోజులు పడుతుంది, ఓపిక పట్టాలి. ఇది చలికాలపు మొక్క. అక్టోబరు నుంచి జనవరి దాకా వేసుకోవచ్చు. మన వేసవిలో వేస్తే ఆకు వేయకుండానే పూతకు పోతుంది.

గోంగూర: జూన్, జూలైలలో వేస్తే ఎండకూ వానకూ తట్టుకుంటుంది. మొక్కను పీకకుండా ఆకులు తెంపుకుంటూ పోతే కొమ్మలు వేస్తూ పోతుంది. తోటకూర, బచ్చలి వేసవిలో కూడా వస్తాయి. పాలకూర చలికాలంలో బాగా వస్తుంది, మొదలు విడిచి కోస్తే మళ్లీ చిగురిస్తుంది.

కరివేపాకు మొదటి రెండేళ్లు ఎదగనట్టే వుంటుంది. ఆ రెండేళ్లూ దానిని తెంపకుండా వుండగలిగిన ఇల్లాలికి తరువాత కొనే పని వుండదు.

రెండవ ఏడు పచ్చిమిరప, వంగ, బెండ, చిక్కుడు చూసుకోవచ్చు. బగారా బైంగన్‌కు కావలసిన చిన్న వంకాయలు పెద్ద కుండీలో చక్కగా కాస్తాయి. టమాటా కూడా చలికాలానికే వేయండి. పగటి వేడి 35 డిగ్రీలు దాటితే పూత రాలిపోతుంది. బీర, సొర తీగలకు పూలు వచ్చి పిందెలు రాలిపోతున్నాయని చాలామంది బాధపడతారు. ఆ తీగలకు మగ పువ్వులు వేరు, ఆడ పువ్వులు వేరు. ఆడ పువ్వు కింద చిన్న కాయ ఆకారం వుంటుంది. మిద్దె మీదికి తేనెటీగలు రాకపోతే, సాయంత్రం పువ్వు విప్పుకున్నాక మగ పువ్వు తెంపి దాని పుప్పొడిని ఆడ పువ్వు నడుమ మెల్లగా అద్దాలి. పిందె నిలుస్తుంది.

నీళ్ల సంగతి

"తాగడానికే నీళ్లు చాలవు, మొక్కలకెక్కడివి మాస్టరూ?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. దీనికి మా బడి పిల్లలే జవాబు కనిపెట్టారు. ఒకనాడు లెక్కల గంటలో వజూ నీళ్లు కొలిపించాము. కొళాయి తెరచి వుంచి వజూ చేస్తే ఒక్కొక్కరికి ఐదారు లీటర్లు పోయింది. చెంబుతో చేస్తే లీటరు కూడా కాలేదు. దైవప్రవక్త (స) ఒక ముద్ నీటితో వజూ చేసేవారని హదీసు గ్రంథాలలో వుంది. ముద్ అంటే నేటి కొలతలో ముప్పావు లీటరు లోపే. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మేము వేరే ఉపన్యాసం ఇవ్వవలసిన పని లేకపోయింది.

ఇప్పుడు లెక్క చూడండి. ఇంట్లో నలుగురు, ఐదు పూటలు, పూటకు ఐదు లీటర్లు, మొత్తం రోజుకు 100 లీటర్లు. ఇరవై కుండీలకు కుండీకి లీటరు చొప్పున కావలసినవి 20 లీటర్లు. వజూ నీటిలో సబ్బు వుండదు, ఉప్పు వుండదు. ఒక తొట్టి మీద కూర్చుని వజూ చేస్తే చాలు, దాదీమా చేసినట్టే. బియ్యం, పప్పు కడిగిన నీళ్లు కూడా పోయవచ్చు. సబ్బు నీళ్లు, ఉప్పు వేసిన నీళ్లు, ఇళ్లలో నీటిని శుద్ధి చేసే యంత్రం బయటకు వదిలే ఉప్పదనపు నీళ్లు మొక్కలకు పనికిరావు. మాంసం కడిగిన నీళ్లు గులాబీకి మంచిదని మన ఇళ్లలో పోస్తుంటారు. ఈగలు, చీమలు, వాసన తప్ప మిద్దె మీద దాని వల్ల కలిగే మేలు మాకు కనబడలేదు.

వేసవిలో మధ్యాహ్నం నీళ్లు పోయకండి, పొద్దున్నే పోయండి. సగం ఎండను ఆపే పచ్చ వల కట్టుకోండి. పెద్ద కుండీలకు పాతకాలపు ఉపాయం ఒకటి వుంది. పూత పూయని చిన్న మట్టి కుండను మెడ దాకా మట్టిలో పాతి, నీళ్లు నింపి మూత పెట్టండి. మట్టి ఎండినకొద్దీ కుండ గోడ నుంచి చెమ్మ ఊరుతుంది. రెండు మూడు రోజులు ఊరికి పోయి వచ్చినా మొక్క బతుకుతుంది.

కుండీల కింద పెట్టే పళ్లాలలో నీరు నిలవనీయకండి. డెంగీ దోమ గుడ్డు పెట్టేది మురుగులో కాదు, ఇలాంటి నిలవ నీటిలోనే. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు చాలు. కనుక వారానికొకసారి, జుమా నాడు అనుకోండి, అన్ని పళ్లాలు బోర్లించి, తొట్టి లోపలి గోడలు రుద్ది కడగండి. రక్తం పట్టాలని మొక్కలు పెంచి జ్వరం తెచ్చుకోకూడదు గదా!

ఎరువు, పురుగు

కూరగాయల తొక్కలు, గుడ్డు పెంకులు, టీ పొడి, ఎండుటాకులు, ఇవన్నీ ఎరువే. టీ పొడిలో పాలు, చక్కెర వుంటాయి, కడిగి వేయండి. చిల్లులు పెట్టిన పాత డబ్బాలో ఒక పిడికెడు తొక్కలకు రెండు పిడికెళ్ల ఎండుటాకులు వేస్తూ, వారానికి రెండుసార్లు కలియబెడితే రెండు మూడు నెలలలో నల్లని పొడి ఎరువు తయారవుతుంది. దానికి వానపడ్డ మట్టి వాసన వస్తుంది. కుళ్లు వాసన వస్తే తడి ఎక్కువైందని గుర్తు, ఎండుటాకు వేయండి. ఎముకలు, సాలన్, మిగిలిన బిర్యానీ అందులో వేయకండి. ఎలుకలు వస్తాయి, ఎలుకల వెనుక పొరుగువారి ఫిర్యాదు వస్తుంది.

పేనుబంక, పిండినల్లి తప్పకుండా వస్తాయి. భయపడి బజారు మందు తేకండి, తినేది మనమే. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నీటిలో కలవడానికి కొంచెం సబ్బు నీరు వేసి బాగా గిలకొట్టి సాయంత్రం వేళ ఆకుల అడుగున చల్లండి. వారం తరువాత మళ్లీ చల్లండి. అయినా తగ్గని కొమ్మను తుంచి పారేయడమే మేలు. కోసిన ఆకులను కడిగి తినాలని మా తల్లులకు మేము చెప్పనక్కరలేదు.

ఇది రైతుపని గదా!

"పట్నంలో వుండి, చదువు చెప్పుకుంటూ, ఈ మట్టి పిసుక్కోవడమేమిటి?" అన్నవారు మా బంధువులలోనే వున్నారు. వారికి ఒక సంగతి మనవి. అందులూసియా దేశంలో ఇష్బీలియా అని మన పుస్తకాలలో పిలిచే సెవిల్ నగరంలో, 12వ శతాబ్దిలో ఇబ్నుల్ అవ్వామ్ అనే పండితుడు వుండేవాడు. ఆయన అరబీలో 'కితాబుల్ ఫిలాహా' అనే వ్యవసాయ గ్రంథం రాశాడు. ఐదు వందలకు పైగా మొక్కల సంగతి అందులో వుంది. నేల, ఎరువు, నీరు, అంటుకట్టడం, అన్నీ. మన పెద్దలకు మట్టి ముట్టుకోవడం నామోషీ అనిపించలేదు.

మన కాలపు సంగతి కూడా వుంది. 1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమైనపుడు క్యూబా దేశానికి దిగుమతి అయ్యే డీజిలు, ఎరువులు తగ్గిపోయి తిండికి కటకట వచ్చింది. హవానా నగర ప్రజలు ఖాళీ జాగాలలో, పెరళ్లలో, మిద్దెల మీద కూరగాయలు పండించుకున్నారు. పట్నవాసి అవసరమైతే పండించగలడని లోకానికి తెలిసింది.

మనకు అలాంటి అవసరం రాదనుకున్నాము. 2020 మార్చి 25 నుంచి లాక్‌డౌన్ వచ్చింది. మా గల్లీ రెండు మొనలకూ కర్రలు కట్టారు. కూరల బండి ఆగిపోయింది. ఏప్రిల్ చివర రంజాన్ మొదలైంది. ఆ ఎండలో మా మిద్దె మీద వున్నవి పుదీనా, తోటకూర, గోంగూర, కరివేపాకు మాత్రమే. రెండవ రోజో మూడవ రోజో అసర్ తరువాత మా ఇంట్లో ఆమె మాకు చెప్పకుండానే ఒక బుట్టలో పుదీనా కట్ట, తోటకూర కట్ట పెట్టి తాడుతో కింద తమ్ముడి వాకిట్లోకి దించింది. బుట్ట కాసేపు అక్కడే వుండిపోయింది. తరువాత తాడు కదిలింది. పైకి లాగితే అందులో ఒక గిన్నెడు ఖర్జూరాలు వున్నాయి.

రోజూ బుట్ట దిగింది, రోజూ ఏదో ఒకటి ఎక్కింది. వారం తిరిగాక తమ్ముడే పైకి వచ్చాడు. మొక్కల వంక చూడలేదు. ముందు నేల మీద కాలితో తట్టి చూశాడు. కుండీ ఒకటి ఎత్తి కింద తడి వుందేమో చూశాడు. అప్పుడు మేము రెండేళ్ల కిందట అనవలసిన మాట అన్నాము: "ఆనాడు తప్పు మాదే ఛోటే." వాడు "కింద ఇప్పుడు పొడిగానే వుంది భాయీజాన్" అన్నాడు. కాసేపాగి, "ఆ పుదీనా కుండీ ఒకటి నాకివ్వు, మెట్ల మలుపులో పెట్టుకుంటాను" అన్నాడు.

ఆ కుండీ ఇప్పటికీ అక్కడే వుంది. మా దానికంటే వాడిదే దట్టంగా వుందని మా అమ్మాయి అంటుంది. ఒప్పుకోక తప్పదు. ఆ అమ్మాయి ఆరోగ్యం మాత్రల వల్ల బాగుపడిందో, ఆకుకూరల వల్లనో మేము చెప్పము. రెండూ మానలేదు.

మా మనవి

ఇరవై కుండీలతో ఇల్లు గడవదు. బియ్యం, పప్పు, నూనె బజారు నుంచి రావలసిందే. అలాంటి గొప్పలు మేము చెప్పము. కాని రోజువారీ పుదీనా, కొత్తిమీర, కరివేపాకు, వారానికి రెండు మూడు పూటల ఆకుకూర, ఇవి ఇంట్లోనుంచి వస్తాయి. తాజాగా వస్తాయి. అన్నిటికంటే ముఖ్యం, కళ్లెదుట వున్న ఆకు కూరలోకి వస్తుంది, బజారులో వున్న ఆకు "రేపు తెద్దాములే" అన్న మాటలోనే వుండిపోతుంది.

మా బడి ఆవరణ చిన్నది. అయినా నిరుడు పాత నూనె డబ్బాలలో మెంతి వేయించాము. అక్షరం రాయమంటే తల దించుకునే ఒక పిల్లవాడు పొద్దున్నే అందరికంటే ముందు వచ్చి నీళ్లు పోసేవాడు. ఏ డబ్బా ఏనాడు మొలిచిందో వాడికే తెలుసు. దానిని పలకమీద రాయమన్నాము. రాశాడు. మొదటి కోత ఆకు మధ్యాహ్న భోజనం పప్పులో వేశారు. పిడికెడే, కాని ఆనాడు పిల్లలు పప్పు వదిలిపెట్టలేదు. బడులలో ఇలాంటి పోషకాహార తోటలు పెంచాలని 2019లో కేంద్ర ప్రభుత్వం మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. కనుక ఉపాధ్యాయ మిత్రులెవరూ సంకోచించనక్కరలేదు.

ఇక సంఘం పెద్దలకు మూడు మనవులు. మొదటిది, సంఘం గదిలో ఒక విత్తనాల డబ్బా పెట్టండి. మిగిలిన విత్తనాలు వేసేవారు వేస్తారు, కావలసినవారు తీసుకుంటారు, ధర అక్కర్లేదు. రెండవది, మసీదులలో వజూఖానా నీళ్లు నేరుగా మురుగు కాలువలోకి పోకుండా నాలుగు చెట్ల మొదళ్లకు పోయే ఏర్పాటు గురించి కమిటీలవారితో మాట్లాడండి. మూడవది, కొత్తగా ఇల్లు కట్టే సభ్యులకు నచ్చజెప్పండి: రెండు అడుగులైనా మట్టి విడిచి కట్టమని. సిమెంటు ఎప్పుడైనా పోయవచ్చు, పోసిన తరువాత తీయడం కష్టం.

మనం నాటిన చెట్టు నుంచి మనిషి గాని, పశువు గాని, పక్షి గాని తింటే అది మన ఖాతాలో సదఖాగా జమ అవుతుందని మన పెద్దలు హదీసు ఆధారంగా చెబుతూ వచ్చారు. మేము పాలకూర వేసినప్పుడు ఈ మాట మాకు తెలుసు. తెలియనిదల్లా, మొక్క పైన వున్నప్పుడు కింద ఎవరున్నారో చూసుకోవాలని. మీరు చూసుకుని వేయండి. మొదటి కట్ట కోసినపుడు సగం పొరుగింటికి పంపండి. ఆ పొరుగిల్లు మీ తమ్ముడిదైతే మరీ మంచిది.

వచ్చే ఏటి సమావేశానికి వచ్చే ప్రతి కుటుంబం తమ ఇంట్లో పెరిగిన ఏదో ఒక ఆకు గుప్పెడు తీసుకురావాలని కోరుతున్నాము.